మూడు రోజులు సెలవు తీసుకునే సన్నికల్లు

నేను ఒక సన్నికల్లును. మిక్సీలు వచ్చాక మా జాతిని పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు గానీ, నాకు మాత్రం ఇప్పటికీ ఆవాల ఘాటుతోనే తెల్లవారుతుంది.

ఒక వడ్డెర దంపతులు నన్ను చెక్కి, హైవే పక్కన రోళ్ల వరసలో నిలబెట్టారు. కార్లలో వచ్చేవాళ్లు ఆగి నాతో ఫొటోలు దిగేవారే తప్ప ఇంటికి తీసుకెళ్లేవారు కాదు. చివరికి ఒడిశాలోని గంజాం నుంచి వచ్చిన కుంతల కొనుక్కుంది. ఆమె భర్త దైతారి నన్ను భుజాన వేసుకుని పటాన్‌చెరులోని ఒక వెనకవీధికి మోసుకొచ్చాడు.

హైదరాబాదు వాళ్ల దృష్టిలో అది కారు అద్దాలు ఎత్తుకుని దాటేయాల్సిన చోటు. దాటేసి ఏం పోగొట్టుకుంటున్నారో వాళ్లకు తెలియదు. వీధిలో ఒకవైపు బిహారువాళ్లు నిప్పుల మీద కాల్చే లిట్టీలు, ఇంకోవైపు నేపాలీ ఆవిడ మోమోలు, మధ్యలో కుంతలా దైతారీ నడిపే మా ఒడియా మెస్. నగరంలో ఒక కాఫీకి అయ్యే ఖర్చుతో ఇక్కడ కడుపు నిండుతుంది. షిఫ్టు దిగి గోలగోలగా వచ్చిన కుర్రాళ్లు ఆవపెట్టిన చేపకూర నోట్లో పెట్టుకోగానే మాటలు మానేస్తారు. ఆ ఆవ నూరేది నా మీదే.

ఏటా తొలకరికి ముందు కుంతల నాకు మూడు రోజులు సెలవిస్తుంది. ఆ మూడు రోజులూ భూదేవి బహిష్టులో ఉంటుందని వాళ్ల నమ్మకం. అప్పుడు నేల దున్నరు. ఆడవాళ్లు పొయ్యి జోలికి పోకుండా ఊయలలూగుతారు. ఇంట్లో భూదేవి అంటే నేనే కాబట్టి నన్నెవరూ ముట్టుకోరు. నాలుగో రోజు పసుపునీళ్లతో తలంటి బొట్టు పెడతారు. బతుకంతా మిరపకాయల కింద నలిగినదానికి అంత మర్యాద జరిగితే కాస్త గర్వం రాదా మరి. మెస్‌లో వంట ఆ రోజుల్లో దైతారిదే.

ఒక ఏడాది సరిగ్గా రెండో రోజున ఇంటి ఓనరు అనసూయమ్మ వచ్చింది. మర్నాడు ఆమె కూతురి పెళ్లి.

"కుంతలా, నీ సన్నికల్లు ఇయ్యి. పెండ్లిపిల్లతోని తొక్కియ్యాలె. మా ఇంట్ల అన్నీ మిక్సీలేనాయె."

కుంతల నాకు అడ్డంగా వచ్చి నిలబడింది. విశ్రాంతిలో ఉన్న తల్లి మీద పాదం మోపడమా? "ఈ మూడు రోజులు ఇయ్యలేనమ్మా. వేరే ఏదైనా అడగండి."

"పెండ్లి పనికి అడిగితె లేదంటవా? నా ఇంట్ల ఉండుకుంట? గట్లయితే పెండ్లి కాంగనే ఖాళీ చెయ్యుండ్రి."

ఈ పొయ్యి ఆరిపోతే ఆ మొగుడూపెళ్లాలకు ఇంకో పొయ్యి లేదు. కుంతల చేతులు జోడించింది. "కోపం చెయ్యకండమ్మా. ఈ రాయి మాకు భూమితల్లి. తల్లికి ఇప్పుడు బహిష్టు."

అనసూయమ్మ చటుక్కున రెండడుగులు వెనక్కి వేసింది.

"అవ్వ, మైలనా? ముందుగల్ల చెప్పొద్దా మరి. నా బిడ్డ పోయి పోయి మైల రాయి మీద కాలు వెడుతుండె. మంచిగ ఆపినవ్ తల్లీ."

ఖాళీ చేసే మాట మళ్లీ ఎత్తలేదు. పెళ్లికి తప్పకుండా రమ్మని చెప్పి, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది.

మనుషులు చిత్రమైనవాళ్లు. ఒకామె దండం పెట్టి నన్ను ముట్టుకోలేదు, ఇంకొకామె అసహ్యపడి ముట్టుకోలేదు. నాకు కోపం రాలేదు గానీ కుంతలను చూస్తే జాలేసింది. అనసూయమ్మ అక్కడుండగానే, ఇది మైల కాదు, మాకు పండగ అని చెప్పబోయి నోరు తెరిచింది. పొయ్యి వైపు చూసి మూసుకుంది.

నాలుగో రోజు పొద్దున్నే నాకు తలంటింది. ఎప్పటికంటే ఎక్కువసేపు నీళ్లు పోసింది. "అమ్మా, నిన్ను మైల అంటుంటే విని ఊరుకున్నాను. ఇల్లు పోతుందని భయపడ్డాను" అంది తన భాషలో. నాకు నోరుంటే, ఇంతమంది ఆకలి తీర్చేదానివి, ఊరుకోక ఏం చేస్తావు అనేదాన్ని.

బొట్టు పెట్టి, ఆవాలూ, రోజూకంటే ఇంకో గుప్పెడు మిరపకాయలూ వేసి బలమంతా పెట్టి నూరడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం చేపకూరలో కారం బాగా ఎక్కువైందని తిన్నవాళ్లంతా అన్నారు. అంటూనే, కళ్లు తుడుచుకుంటూ మారు అన్నం వేయించుకున్నారు. కుంతల అడిగినవాళ్లందరికీ వడ్డిస్తూ పోయింది.