నాగరాణిని అడిగిన రోజు

ఆ రోజు పొద్దున కూర మాడింది. పట్నం దవాఖానకు బయల్దేరేలోపు రెండు పూటలకు వండిపెట్టాలి, బర్రె పాలు పిండాలి, పిల్లలకు టిఫిన్ డబ్బాలు సర్దాలి. ఆ హడావిడిలో చిక్కుడుకాయ అడుగంటింది. "కోస్తరని ఇప్పటి నుంచే నకరాలు మొదలువెట్టింది" అంది అత్త బీరమ్మ, గోడతో అన్నట్టు. కోసేది నాగరాణినే. కిడ్నీ ఇచ్చేది ఆమె, పుచ్చుకునేది మొగుడు గుర్వయ్య. అయినా కూర మాత్రం బాగుండాలి.

గుర్వయ్యకు కీళ్లనొప్పులు. దేవరకొండ చుట్టుపక్కల గుట్టలన్నీ గొర్రెల వెంట తిరిగి వచ్చి, ఏళ్ల తరబడి నొప్పి గోలీలు గుప్పెళ్లతో మింగాడు. వద్దయ్యా అంటే "నీకేమెరుక, నీ పని నువ్వు చూస్కో" అనేవాడు. ఇప్పుడు రెండు కిడ్నీలూ పాడై డయాలసిస్ మీద బతుకుతున్నాడు. జాలి లేదా అంటే ఉంది. ఆయాసపడినప్పుడల్లా వీపు నిమిరేది ఆమే. కానీ జాలి వేరు, కత్తి కిందికి పోవడం వేరు. కత్తి తలుచుకుంటే ఆమెకు చెమటలు పడుతున్నాయి.

ఎవరివ్వాలన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు మరిది గోపాల్ ఫోన్ చూసుకుంటున్నాడు. "వానిది బరువులెత్తే ఒళ్లు, వాన్ని ముట్టొద్దు" అంది బీరమ్మ. అందరి కళ్లూ నాగరాణి వైపు తిరిగాయి. వెన్నులోంచి వణుకు పుట్టి ఆమె తలా భుజాలూ అదిరాయి. "ఇగో, ఒప్పుకున్నది" అన్నాడు ఇంటి పెద్ద బక్కయ్య. దేవుడికి యాటపోతును కోసేముందు దాని మీద పసుపునీళ్లు చల్లి ఆగుతారు వీళ్లు. అది ఒళ్లు జాడిస్తే ఒప్పుకున్నట్టు లెక్క. చల్లటి నీళ్లు పడితే ఏ జీవమైనా జాడిస్తుందని పుట్టినప్పటి నుంచి గొర్రెల మధ్య ఉన్నవాళ్లకు తెలియదా? నాగరాణి మీదైతే ఆ నీళ్లు కూడా చల్లలేదు.

దవాఖానలో డాక్టర్ నిహారిక అందరినీ బయట కూర్చోబెట్టి, నాగరాణిని ఒక్కదాన్నే లోపలికి పిలిచి తలుపు వేసింది.

"పరీక్షలన్నీ సరిపోయినయి. ఇయ్యడం నీకు ఇష్టమేనా అమ్మా?"

పెళ్లప్పుడు కూడా నాగరాణిని ఎవరూ అడగని మాట అది. "నేను వద్దంటే ఆయన చస్తడా మేడం?"

"ఇప్పటికిప్పుడు ఏం కాదు. డయాలసిస్ నడుస్తది, వేరేవాళ్లు ఇయ్యొచ్చు. ఆయనకు మంచి చెయ్యాలనే నాకూ ఉంటది. అట్లని నీకు ఇష్టం లేకుండ కోస్తే అది వైద్యం కాదు." డాక్టర్ గొంతు తగ్గించింది. "భయమైతే చెప్పు. నీది సరిపోలేదని బయట నేనే చెప్త. నిన్నెవరూ ఏమనరు."

నాగరాణికి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే బయట బల్ల మీదున్న ఆడబిడ్డ బిక్షమ్మ గుర్తొచ్చింది. మొగుడు పోయాక పుట్టింట్లో గొడ్డుచాకిరీ చేస్తున్న మనిషి. ఎందుకైనా మంచిదని ఆమెనూ పరగడుపున తీసుకొచ్చారు. నాగరాణిది సరిపోలేదంటే తర్వాత ఆమె రక్తమే తీస్తారు. డాక్టరమ్మ ఆమెనూ ఇష్టమా అని అడుగుతుంది. కానీ వద్దనొచ్చని బిక్షమ్మకు ఎప్పుడైనా, ఎవరైనా చెప్పారా?

"అబద్ధమొద్దు మేడం. సరిపోయిందనే చెప్పుండ్రి."

"అంటే, ఇస్తవా?"

ఇంటికి పోయాక ఏమంటారో, మొగుడి మొహం ఎలా చూడాలో, పిల్లలతో సహా గెంటేస్తే ఎక్కడికి పోవాలో. నాగరాణి లేచి తలుపు తీసింది.

బీరమ్మ ఎదురొచ్చింది. "ఏమాయె? సరిపోయిందా?"

గోపాల్ ఫోన్ మీంచి తలెత్తలేదు. బిక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. నాగరాణి తలా భుజాలూ మళ్లీ అదరడం మొదలుపెట్టాయి. ఈసారి ఎవరైనా దాన్ని ఒప్పుకోలు అనుకునేలోపే నోరు తెరిచింది.

"సరిపోయింది అత్తమ్మా. నేనే ఇయ్యనంటున్న."