తీసేశారనుకున్న రాయి

బిడ్డకింకా మెడ నిలవకముందే ఆ బాలింతకు కళ్ళు పచ్చబడ్డాయి. డొక్కలో నొప్పి లేచిందంటే ఊపిరాడేది కాదు. తనకేమన్నా అయితే ఈ పసిగుడ్డు గతేమిటన్న బెంగ నొప్పికన్నా ఎక్కువ కోసేది. కాలేయం నుంచి పేగులోకి పసరు దిగే సన్నని గొట్టంలో రాయి అడ్డం పడి ఉంటుందని ఆసుపత్రి డాక్టరు అన్నాడు. అన్నది ఆమెతో కాదు, బిడ్డనెత్తుకుని వెంట వచ్చిన అత్తతో. "రేపు పరగడుపున తీసుకురండి, తీయించేద్దాం" అని తల తిప్పేసుకున్నాడు.

రాయి ఉందన్న నోటితోనే తీయించేద్దామంటే, ఇంకేం తీస్తారని వీళ్ళు అనుకోవాలి?

మర్నాడు, లోపల అయస్కాంతం ఉంటుందంటూ తలపిన్నులతో సహా ఒంటిమీది లోహమంతా ఊడదీయించి ఆమెను సొరంగంలాంటి యంత్రంలోకి పంపారు. చెవుల పక్కన రేకులు బాదినట్టు ఒకటే మోత. "ఊపిరి బిగపట్టండి... వదలండి" అని ఎక్కడినుంచో గొంతు. పాలు చేపి రొమ్ములు సలుపుతున్నా ఆమె కదల్లేదు. కదిలితే రాయి జారిపోతుందేమోనని భయం.

బయటికొచ్చాక స్కాను తీసినాయన్ని అడిగింది. "వచ్చిందాండీ?"

"ఆ, చక్కగా వచ్చిందమ్మా."

"చూడొచ్చా?"

"మీరు చూసి ఏం చేస్తారు? డాక్టరుగారు చూసుకుంటారు. ఇక వెళ్ళొచ్చు."

దారిలో అత్త తేల్చేసింది. "కోత లేదు, కుట్టు లేదు. అయస్కాంతమంట కదే, లాగేసుంటది."

ఆసుపత్రి నుంచి మళ్ళీ రమ్మని కబురు చేసిన నాథుడు లేడు. వారం తిరక్కుండానే చలిజ్వరం పట్టుకుంది. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆమెతోపాటు మంచమూ వణికింది. అత్త బిడ్డను చంకనేసుకుని, కోడలిని ఆటో ఎక్కించింది.

అదే డాక్టరు, తెర మీద బొమ్మలు జరుపుతూ, "ఇంత రాయి లోపల పెట్టుకుని ఇంట్లో కూర్చున్నారా? చీము పట్టేసింది" అన్నాడు.

"తీసేశారు కదండీ" అంది ఆమె.

"తీసింది ఫొటోలమ్మా." పక్కనున్న నర్సు వంక చూసి నవ్వాడు. "ఎంతవరకు చదివావు?"

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎనిమిది. ఫొటో తీస్తామని ఒక్క ముక్క చెప్పుంటే ఆ చదువే సరిపోయేదండీ."

"చదువు సంగతైతే నన్నూ అడగండి" అత్త అందుకుంది. "నేను బడి గడపే తొక్కలేదు. ఫొటో తీయించుకోడానికి పస్తుండాలని నాకెవరు చెప్పారు?"

నర్సు పెదవి కొరుక్కుంది. డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "సరే సరే. ఎండోస్కోపీ చేసేస్తారు, లోపలికి పదండి."

ఆమె గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. "చేసే ఆయన వచ్చి చెప్పాలి. మా అత్తకు కాదు, నాకు. పొట్ట నాది."

"ఆలస్యమైతే నీకే ప్రమాదం."

"వారం ఆలస్యం చేసింది నేను కాదుగా."

కాసేపటికి చేసే ఆయన గ్లవుజులతోనే వచ్చాడు. "నోట్లోంచి కెమెరా గొట్టం పేగుదాకా పంపుతాం. పసరు గొట్టం మూతి కొంచెం కోసి, చిన్న బుట్టలాంటిదాంతో రాయిని లాగుతాం. మత్తిస్తాం, నొప్పి తెలియదు. ఒక్కోసారి రక్తం కారొచ్చు, పక్కనే ఉండే క్లోమం వాయొచ్చు. అట్లా అయితే ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండాలి."

"మరి పిల్లాడికి పాలు?"

"అది మత్తు డాక్టరును అడగాలి."

"అడగండి."

ఆయన గ్లవుజులు విప్పి బయటికి నడిచాడు. అత్త ఒళ్ళో బిడ్డ గుక్కపట్టాడు. ఆయన తిరిగొచ్చి ఆమె ముఖంలోకే చూస్తూ, "మత్తు పూర్తిగా దిగి మెలకువ వచ్చాక పట్టొచ్చమ్మా" అన్నాడు.

అప్పుడు గానీ ఆమె బల్ల ఎక్కలేదు.