ఒక్క తట్ట మట్టి

నిజం దాచి ఉద్యోగం అడిగినవాడికి కుదురుండదు. నాకూ లేదు. అరవై రెండులో ఇందుకూరుపేట వైపు ఉప్పుటేటికి అడ్డంగా కట్ట వేసే కాంట్రాక్టు జయరామయ్యగారికి వచ్చింది. పని నడిపించే ఓవర్సీయరు సగంలో మానేసి వెళ్లిపోయాడు. ఆ ఉద్యోగం నాక్కావాలి. అప్పటికి పదిహేనేళ్లుగా ఉప్పుమళ్లలో మేస్త్రీని. కాళ్ల పగుళ్లలో ఉప్పు దిగని రోజు లేదు. ఆ సంగతి చెబితే ఆయన గుమ్మం కూడా ఎక్కనివ్వరని నా భయం.

"మిషన్ బడికి గోడ కట్టించినానయ్యా" అన్నాను. కట్టించిన మాట నిజమే. మూడు నెలల పని.

"ముప్పై అడుగుల గండి మిగిలుండాది. పది రోజుల్లో పూడిస్తే కట్ట పనంతా నీ చేతిలో పెడతా. లేదంటే నీ దోవ నీది" అన్నారాయన.

ఇక చూడండి నా అవస్థ. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తినకుండానే లేచేవాణ్ణి. "కాలుగాలిన పిల్లి మాదిరి ఏందా తిరగడం?" అని మా ఆవిడ ఎలిశబెతు కసిరేది. సరుగుడు గుంజలు ఎప్పుడు దిగాలి, ఇసుక బస్తాలు ఎన్ని బండ్లలో రావాలి, ఎవరెక్కడ నిలబడాలి, అన్నీ కాగితం మీద పెట్టాను. గండి పూడ్చేది అష్టమినాడు. పున్నమికీ అమావాస్యకీ సముద్రపు పోటు ఏట్లోకి ఎగదన్నుతుంది. అష్టమికి నీరు నీరసపడుతుంది. అది తప్పితే మళ్లీ పదిహేను రోజులు ఆగాలి, నా గడువేమో నవమితో సరి.

సప్తమినాడు పొద్దు వాలుతుండగా కూలీల పెద్ద మస్తానయ్య వచ్చి తల గోక్కున్నాడు.

"రేపు జనం రారయ్యా."

"ఏం, ఏమొచ్చింది?"

"అష్టమి గదా. అష్టమి పూట కొత్త పని ఎవురు మొదలుపెడతారు? దశమికి చూద్దాం."

నా ఒళ్లు మండిపోయింది. కాగితం నలిపి పారేశాను. పంచాంగంలో నీటిని చూశానే గాని మనుషుల్ని చూడలేదు. మాకు ఆదివారం తప్ప వేరే పట్టింపు లేదు కాబట్టి తట్టలేదని సరిపెట్టుకోబోయాను. కానీ నాకు తెలుసు. ఉప్పుమళ్లలో నాగులమ్మ అనే కూలీ ఇలాంటప్పుడు ముందు రోజే ఒక తట్ట మట్టి వేసి, "మొదలైపోయింది మేస్త్రీ, రేపు చేసేది పాత పనే" అనేది. నేను నవ్వేవాణ్ణి. ఉప్పును దాచబోయి ఆమెనీ మరిచిపోయాను. సిగ్గేసింది.

"మస్తానయ్యా, ఇయ్యాల సప్తమే గదా? పొద్దింకా ఉండాది. ఒక్క తట్ట ఇప్పుడే వేయించు. రేపు చేసేది పాత పని."

అతను వాళ్లమ్మ పిచ్చమ్మను కేకేశాడు. ఆమె పసుపు చల్లి, తట్టెడు మట్టి గండిలోకి వంచింది.

మర్నాడు రెండు వందల మంది కూలీలూ వచ్చారు. పోటు తగ్గి నీరు తీసిన గంటలో దిగాం. మధ్యలో ఒక గుంజ వంగితే ఇసుక బస్తాలు అడ్డం వేయించాను. మళ్లీ పోటు తగిలే వేళకు గండి పూడిపోయింది.

జయరామయ్యగారు కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు.

"రేపటినించి పనంతా నువ్వే చూడు. ఇంతకీ మస్తానయ్య చెప్పిన ఆ తట్ట ఉపాయం బడి గోడ కడతా నేర్చుకున్నావా?"

ఇక దాచలేదు. "కాదయ్యా. ఉప్పుమళ్లలో. పదిహేనేళ్లు మేస్త్రీగా చేసినా."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"ఆ మాట ఆ రోజే చెప్పేదానికి ఏమయ్యా నీకు? గోడ కట్టినోణ్ణి తెచ్చి ఉప్పుటేటి మీద పెట్టినానే అని పది రోజులుగా నాకు కంటి మీద కునుకు లేదు."