ముందే వచ్చిన రంగు

రంగు డబ్బా మూత తీయకముందే నాకు భయం మొదలవుతుంది. మా ఆయన దాన్ని హాల్లో దించి, "సోఫా జరిపి కింద పాత పేపర్లు పరుచు" అన్నాడు. జరిపాను, పరిచాను. అలవాటైన పనే. ఆయన గోడలకు తనే రంగు వేస్తాడని బిల్డింగంతా మెచ్చుకుంటారు గానీ, ముందు గోడ గోకి సొట్టల్లో లప్పం పూడ్చేదెవరో, తర్వాత నేలమీద చుక్కలు తుడిచి బ్రష్షులు కడిగేదెవరో ఒక్కరూ అడగరు.

మా ఇంటికి రంగు ఊరికే రాదు. ఏదో ఒకటి గోడకు తగిలాక వస్తుంది. కూర గిన్నె, ఫోను, ఒకసారి నా తల. మర్నాడు ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటూ డబ్బా పట్టుకొస్తాడు. "టర్న్ ఓవర్ ఎ న్యూ లీఫ్" అంటాడు, ఆఫీసు ట్రైనింగులో నేర్చుకొచ్చిన ముక్క. నాకు అర్థం కాదేమోనని "ఇవాళ్టి నుంచి మనది కొత్త జీవితం" అని తెలుగులో కూడా చెప్తాడు. మొదట్లో నమ్మాను, పిచ్చిదానిలా మురిసిపోయాను కూడా. ఆయన కొత్త జీవితం మొదలుపెట్టిన ప్రతిసారీ నాదేదో ఒకటి పోతోందని తర్వాత తెలిసింది. ఒకసారి అక్కతో రాకపోకలు పోయాయి. ఇంకోసారి స్నేహితురాలి ఫోన్లు. అత్తగారితో చెప్పుకుంటే, "తప్పు తెలుసుకుని తన చేత్తో తనే దిద్దుకుంటున్నాడు, ఇంకేం కావాలే నీకు? మీ మామగారైతే గోడ వంక కూడా చూసేవారు కాదు" అంది. ఎదురింటావిడేమో "మీ వారి చేతిలో భలే పనితనం ఉందండీ" అంటుంది. ఉందమ్మా ఉంది, ఆ చేతి సంగతి నన్నడుగు.

కానీ ఇవాళ్టి భయం వేరు. ఈ మధ్య మాకు గొడవే లేదు. పొద్దున తిన్న కంచం కూడా తనే తీశాడు. గోడను చేత్తో తడిమి చూశాను. ఎక్కడా సొట్ట లేదు, మచ్చ లేదు.

"గోడ బాగానే ఉందిగా?" అన్నాను, వీలైనంత మామూలుగా.

"బాగానే ఉంది. ఈసారి అసలైన కొత్త జీవితం." నవ్వాడు. "మీ ల్యాబుకి వెళ్లొచ్చాను. నీకు ఒంట్లో బాగోలేదని, ఇక ఉద్యోగానికి రావని చెప్పేశాను. పాపం, మీ మేడమ్ చాలా బాధపడింది."

నేను రక్తపరీక్షల ల్యాబులో రక్తం తీస్తాను. పసిపిల్లల చేతిలో కూడా ఒక్క పోటుతో నరం పట్టుకుంటానని తల్లులు నా కోసం ఆగుతారు. ఇంట్లో గ్లాసు పట్టుకుంటే వణికే చెయ్యి అక్కడ వణకదు. రోజు మొత్తంలో ఆ కాసేపే నేను మనిషిలా ఉంటాను. అది వదులుకోనని ఆయనకు తెలుసు. వదులుకోనని అంటే ఏం జరుగుతుందో మా ఇద్దరికీ తెలుసు. అంటే ఈ రంగు జరిగిపోయినదానికి కాదు, జరగబోయేదానికి. నేను కాదంటే గోడకు కావలసింది ముందే కొని తెచ్చిపెట్టుకున్నాడు. మిగిలిన పాత పేపరొకటి తీసుకుని మడతమీద మడత పెడుతూ నిలబడ్డాను.

"ఏంటలా ఉన్నావ్? సంతోషంగా లేదా?"

"ఎందుకుండదు, ఉంది" అన్నాను.

చుట్టూ చూసుకుని నాలుక కరుచుకున్నాడు. "అరే, బ్రష్షు మర్చిపోయాను. వీధి చివర షాపులో తెస్తా. ఈలోపు అల్మారా ఖాళీ చెయ్యి."

ముందు వైపు మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు ఆగేదాకా కదల్లేదు. వెనక మెట్లు సందులోకి దిగుతాయి. ఎక్కడికెళ్లాలి? ఇన్నాళ్ల తర్వాత అక్క తలుపు తీస్తుందా? మధ్యలో ఆయన ఎదురుపడితే? నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. వెళ్లడానికి భయమేసింది, ఉండటానికి అంతకన్నా ఎక్కువ భయమేసింది, అంతే.

లోపలి గదిలో నా కూతురు మంచంమీద దుప్పటి కప్పుకుని కూర్చుంది.

"తల్లీ, లే. గబగబా బూట్లు వేసుకో" అన్నాను.

ఎక్కడికని అడగలేదు. దుప్పటి తోసేసి కాళ్లు కిందికి దించింది. బూట్లు కాళ్లకే ఉన్నాయి, లేసులు కూడా కట్టుకుంది.

"డబ్బా చూడగానే వేసుకున్నానమ్మా" అంది.