అందరికీ ఒకే కొలత

పేదల బియ్యం వచ్చిన రోజున వార్సితో అనే అతని ఇంటి వసారా చూడముచ్చటగా ఉండేది. జావాలోని ఆ చిన్న వీధికి అతనే పెద్ద. ప్రభుత్వం పంపిన జాబితాలో ఉన్నవి తొమ్మిది ఇళ్లే అయినా, ముప్పై ఆరు ఇళ్లవాళ్లూ వరసలో నిలబడేవారు. వార్సితో పాలడబ్బాతో కొలిచి అందరికీ సమంగా పోసేవాడు. మోటారు బండి మీద వచ్చినవాడికీ, జాబితాలో మొదటి పేరైన తుమినా అవ్వకీ అదే కొలత. ఎవరూ గొడవపడేవారు కాదు. మా వీధి ఎంత కలిసికట్టుగా ఉందోనని అతను మురిసిపోయేవాడు.

నిజానికి ఎదుటివాడి ముఖం ముడుచుకుంటే అతను భరించలేడు. ఆ భయానికే న్యాయమని పేరు పెట్టుకున్నాడు.

అవ్వ ఒంటరిది. చూపు మందగించి చాపలు అల్లడం మానేసింది. వానాకాలంలో ఒక పొద్దున గిన్నె పట్టుకుని వచ్చింది.

"నాయనా, నా పేరున పదిహేను కిలోలు వస్తున్నాయటగా. నాకు నాలుగు కూడా ముట్టడం లేదే."

"నీకు ఎక్కువిస్తే మిగతావాళ్లు ఏమనుకుంటారవ్వా? సమంగా పంచుకుంటేనే గదా అందరం కలిసుండేది."

"సరేలే," అంది అవ్వ. "నా కడుపుకి కూడా చెప్పి చూస్తాను, కలిసుండమని."

అక్కడున్నవాళ్లు నవ్వారు. వార్సితో కూడా నవ్వాడు. అవ్వ మళ్లీ అడగలేదు. కర్రపెండలం ఆకులు ఉడకబెట్టుకుని తింటోందని భార్య లాస్త్రి రెండుసార్లు చెప్పింది. వచ్చే నెల చూద్దామన్నాడు. వచ్చే నెలా అదే డబ్బాతో, అదే కొలత పోశాడు.

జ్వరం వచ్చిన మూడో రోజున అవ్వ పోయింది. ఒంట్లో సత్తువ లేక తట్టుకోలేకపోయిందని నర్సు చెప్పింది.

అక్కడ చావింటికి ఎవరూ వట్టి చేతులతో వెళ్లరు. ఆడవాళ్లందరూ గిన్నెలనిండా బియ్యం తెచ్చి, అవ్వ అల్లిన చాప మీద పోశారు. గుట్ట మోకాలెత్తు లేచింది. వార్సితో వంగి గుప్పెడు తీసుకున్నాడు. పసుపు రంగు, నూకలు, ముక్కవాసన. పేదల బియ్యమే. నాసిరకమని తినడానికి మనసొప్పక చాలా ఇళ్లలో ఇలాంటి రోజు కోసమే దాచి ఉంచారు.

"ఇవాళ్టికి అవ్వ వాటా అవ్వకి ముట్టింది," అంది లాస్త్రి, అతనికి మాత్రమే వినిపించేలా.

పాడె ఎత్తేముందు, పోయినవారి తప్పులను క్షమించమని జనాన్ని అడగడం వీధిపెద్ద పని. ఎన్నోసార్లు చెప్పిన మాటలే. మొదలుపెట్టి ఆగిపోయాడు. గుప్పిట్లో బియ్యం ఇంకా అలాగే ఉన్నాయి.

"ఆమె తప్పేమీ లేదు," అన్నాడు చివరికి. "క్షమించమని మనమే ఆమెని అడగాలి. బియ్యం సమంగా పంచాను. ఆకలి సమంగా లేదని నాకు తెలుసు. లేనివాడి కోసం వచ్చినదాన్ని అందరికీ సమంగా పంచడమంటే, లేనివాడి కంచంలోంచి తీసుకోవడమే."