మాస్టారు ఉన్నది ఉన్నట్టు రాసిన వారం

మా గంటలు తిన్నది మీరే. తొమ్మిదో అంతస్తులో అద్దాల గదుల్లో కూర్చున్న పెద్దసార్లూ, మిమ్మల్నే అంటున్నాను. కనిపించిన కంపెనీకల్లా వెళ్లి "మీ లెక్కలు నిజమేనా?" అని నిలదీసే ఆఫీసు మనది. ఆ ఆఫీసులోనే నాలుగు వందల మంది ప్రతి సోమవారం పొద్దున్నే కూర్చుని అబద్ధం రాస్తారు. రాయమని మీరు నోటితో చెప్పరు. అంత తెలివితక్కువ వాళ్లేం కాదు. "ఈ పనికి మనిషికి వారానికి నలభై గంటలు ఇచ్చాం, ఆ పైన మీ ఇష్టం" అంటారు. ఆ మీ ఇష్టంలో ఎన్ని మెడలు పట్టేశాయో, ఎన్ని అన్నాలు చల్లారిపోయాయో మీకు తెలుసు.

తెలియదంటారా, వినండి. నవ్వొస్తే నవ్వండి. మేమూ నవ్వీ నవ్వీ చచ్చాం.

సబ్బుల ఫ్యాక్టరీ ఆడిట్‌లో మేం ముగ్గురం. మాకిచ్చిన గది పూర్వం అట్టపెట్టెలు పడేసుకున్న గది. కిటికీ లేదు గానీ గులాబీ వాసన బోలెడు. ఇంటికి వెళ్తే "దారిలో స్నానం చేసొచ్చావా?" అని అడిగేవాళ్లు. మా ముగ్గురికీ పెద్ద అక్క. ఇరవై తొమ్మిదేళ్లే అయినా అందరికీ అక్కే. ఈ ఏడాది మేనేజరు కావలసిన మనిషి. తర్వాత నేను, ఆఫీసులో నా పేరు నోటిదూల. అందరికంటే కింద మాస్టారు. నలభై మూడేళ్లు. పద్దెనిమిదేళ్లు బళ్లో లెక్కలు చెప్పి, పట్టుబట్టి పరీక్షలు పాసై, తన దగ్గర చదివిన పిల్లల ఈడు వాళ్ల కింద వచ్చి చేరారు. ఆరు నెలలు ప్రొబేషన్. ఈ శుక్రవారంతో పూర్తి. కాగితం మీద మీలో మా ఆడిట్ చూసే పెద్దసారు సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్లీ సుద్దముక్కే. బడివాళ్లు ఆ చోట ఇంకొకరిని వేసేసుకున్నారు కాబట్టి ఆ సుద్దముక్క కూడా లేదు.

టైమ్‌షీటు అని ఒకటుంది. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో వారానికోసారి రాసి పంపే పట్టిక. ఆరు నెలల్లో మాస్టారు దాని మొహం చూడలేదు. మా ముగ్గురిదీ అక్కే నింపేసేది. తలకు నలభై. మొన్న సోమవారం అక్క పన్ను పీకించుకోవడానికి వెళ్తూ "ఎవరిది వాళ్లు నింపేయండి" అని మెసేజ్ పెట్టింది. నలభై రాయాలన్న సంగతి ఆయనకు నేను చెప్తానని అక్క అనుకుంది. అక్క ఎప్పుడో చెప్పే ఉంటుందని నేను అనుకున్నాను.

మాస్టారు జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశారు. బళ్లో హాజరుపట్టీ నాటి అలవాటు. వచ్చిన వేళ, వెళ్లిన వేళ, మధ్యలో టీకి పోయిన పదకొండు నిమిషాలు, అన్నీ ఉన్నాయి. కూడారు. ఎనభై నాలుగు. కింది నుంచి పైకి మళ్లీ కూడారు. ఎనభై నాలుగే. పంపించేశారు.

మంగళవారం పదింటికి ఆయన ల్యాప్‌టాప్ గుటుక్కుమంది. తెర మీద పచ్చటి సూర్యుడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. కింద ఇలా ఉంది: 'మీరు బాగా అలసిపోయారు. మీ ఆరోగ్యం మాకు ముఖ్యం. విశ్రాంతి తీసుకోండి. గురువారం కలుద్దాం.'

మాస్టారు నెమ్మదిగా లేచి క్యారేజీ సంచిలో పెట్టుకున్నారు.

"వెళ్లొస్తానమ్మా."

"ఎక్కడికి మాస్టారూ?" అంది అక్క, బంతిలా వాచిన బుగ్గను పట్టుకుని.

"తీసేశారు కదమ్మా. మర్యాదగానే తీసేశార్లే పాపం. సూర్యుణ్ని కూడా పెట్టారు."

నేను వెళ్లి తెర చూశాను. అప్పుడు గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట ఎవరో ఉద్యోగుల సంక్షేమానికి బహుమతి ఇస్తున్నారని మీరు హడావిడిగా ఒక నియమం పెట్టారు. వారంలో డెబ్బై గంటలు దాటి రాసిన వాళ్ల ల్యాప్‌టాప్ దానంతటదే రెండు రోజులు మూతపడాలి. బహుమతి వచ్చింది, లిఫ్టులో పోస్టరు అతికించారు. డెబ్బై అని రాసే మొనగాడు పుట్టలేదు గనక నాలుగేళ్లలో ఆ సూర్యుడు ఒక్కసారీ ఉదయించలేదు.

"ఎంత రాశారు?" అంది అక్క.

"ఎనభై నాలుగమ్మా."

"అయ్యో మాస్టారూ! నలభై రాయాలి!"

"నలభై బుధవారానికే అయిపోయాయి కదమ్మా. మిగతావి ఎక్కడ వెయ్యను?"

"ఎక్కడా వెయ్యం. మింగేస్తాం."

"ఎవరు?"

"మనమే."

మాస్టారు బల్ల మీది కాగితం ఒకటి మా వైపు తిప్పారు. కిందటి వారం ఫ్యాక్టరీ వాళ్ల మీద ఆయనే పట్టిన తప్పు. 'నూట ఇరవై మంది కార్మికులకు ఏడాది పొడుగునా రోజుకు సరిగ్గా ఎనిమిదేసి గంటలు. నమ్మశక్యంగా లేదు. సంజాయిషీ అడగాలి.' పక్కన అక్క మెచ్చుకుని పెట్టిన ఎర్ర టిక్కు.

ముందు నవ్వింది అక్కే. కుట్లున్న నోటితో నవ్వకూడదు. "అమ్మో, అయ్యో, చచ్చాన్రా" అంటూ బుగ్గ నొక్కుకుని నవ్వుతుంటే నేను కుర్చీలోంచి జారాను. మాస్టారు మాత్రం మేం నవ్వడం అయ్యేదాకా క్లాసులో నిలబడ్డట్టు నిలబడ్డారు.

ఫోన్ మోగింది. పెద్దసారు. అక్క స్పీకర్ నొక్కింది.

"ఎవరయ్యా ఆ ఎనభై నాలుగు?"

"నేనేనండి."

"పొరపాటున పడింది, నలభైగా దిద్దండి అని రెండు ముక్కలు రాసి పంపు. తెరిపిస్తాను."

"మూతపడింది కదండీ, దేని మీద రాయను?"

"పక్కవాళ్ల దాంట్లో రాయవయ్యా! శుక్రవారం నీ కాగితం నా టేబుల్ మీదికొస్తుంది, గుర్తుందా?"

"ఉందండి. అందుకే రెండుసార్లు కూడి చూశానండి."

ఫోన్ టప్పున పెట్టేశాడు. మాస్టారు భార్యకు ఫోన్ కలిపారు. ఆవిడ గొంతుకు స్పీకర్ అక్కర్లేదు.

"ఏమండీ, పొద్దున పదింటికి ఫోనేంటి? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఎనభై నాలుగు గంటలు పనిచేశానని రాశాను. లేదని రాయమంటున్నారు. రాయకపోతే ఉద్యోగం ఉంటుందో లేదో."

అవతల కుక్కర్ కట్టేసిన చప్పుడైంది.

"మరి ఆరు రోజులూ నేనొక్కదాన్నే కూర్చుని తిన్నాను కదా, అవి ఎవరి ఖాతాలో వేస్తారట? దిద్దితే ఇంటికి రాకండి. దిద్దకపోతే త్వరగా రండి."

మాస్టారు నా వైపు తిరిగారు. ల్యాప్‌టాప్ అడుగుతారనుకున్నాను.

"నీవెన్ని నాయనా?"

"నలభై పంపానండి."

"పంపినవి కాదు. చేసినవి."

క్యాంటీన్లో బల్లలు గుద్ది ఉపన్యాసాలు దంచేది నేనే. రెండేళ్లుగా నోరు మూసుకుని నలభై ఒప్పుకుంటున్నదీ నేనే. సిగ్గేసింది. వేళ్ల మీద లెక్కేశాను. డెబ్బై తొమ్మిది. దిద్దుకోవడానికి మధ్యాహ్నం దాకా గడువుంది. దిద్దాను. నిమిషంలో నాకూ సూర్యుడు ఉదయించాడు.

"అక్కా, నువ్వొద్దు. ఇచ్చిన గంటలు దాటితే నీ మేనేజరు పోస్టు..."

"నోర్ముయ్యరా. మేనేజరునై ఏం ఊడబొడుస్తాను? మీ అబద్ధాలు ఇక్కడ కూర్చుని నింపేదాన్ని పైఅంతస్తులో కూర్చుని నింపుతాను. అంతేగా!"

తొంభై ఒకటి కొట్టింది. తెర వెలిగింది.

"వీడికి పళ్లన్నీ ఉన్నాయి చూడు" అంది అసూయగా.

పదకొండింటి ఎండలో ముగ్గురం గేటు దాటాం. పరుగెత్తుకొచ్చిన మమ్మల్ని చూసి "నిప్పంటుకుందా సార్?" అన్నాడు కాపలావాడు. ఆ వేళప్పుడు వీధి ఎలా ఉంటుందో మేం మర్చిపోయాం. జనం! కూరగాయలు బేరమాడుతున్నారు, కుక్కలు పడుకున్నాయి, ఎవరో తీరిగ్గా గొడుగు బాగు చేయించుకుంటున్నారు. మాస్టారు నాలుగు నెలలుగా వాయిదా వేస్తున్న క్రాఫు చేయించుకుని పెళ్లికొడుకులా బయటికొచ్చారు. అక్క ఒక్క బుగ్గతో ఐస్‌క్రీమ్ తిని, పార్కులో పిల్లల జారుడుబల్ల ఎక్కి, కింద వరసలో ఉన్న బుడతలు "ఆంటీ, తొందరగా" అని అరుస్తుంటే కేక పెట్టి జారింది. నేను ఊరికే ఓ వీధి పొడుగునా వెనక్కి వెనక్కి నడిచాను. ఎందుకంటే ఏం చెప్పను, నడవబుద్ధయింది!

సంగతి ఆఫీసుకు మాకంటే ముందు చేరింది. నాలుగో అంతస్తులో పన్నుల వాళ్లు తొమ్మిది మంది దిద్దారు. బ్యాంకు ఆడిట్ వాళ్లు ఏడుగురు. గడువు ముగిసేసరికి పంతొమ్మిది సూర్యులు. మీ అద్దాల గదుల్లో ఉక్కపోసిందట, విన్నాం.

ఈరోజు బుధవారం. ఇంకా మా ల్యాప్‌టాప్‌లు తెరుచుకోలేదు, అందుకే ఇది పెన్నుతో రాసి మీ తలుపులకు అంటిస్తున్నాను. మాస్టారిని పిలిచి మళ్లీ బెదిరించారని తెలిసింది. దిద్దనన్నారు. ఆయన ఇంట్లో ఇంకో జీతం లేదు. అది మీకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా దిద్దనన్నారు.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది మీరు. ఆ ఎనభై నాలుగు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. వచ్చే ఏడాది సబ్బుల ఫ్యాక్టరీకి ఎన్ని గంటలివ్వాలో ఈ వారం చూసి వెయ్యండి, ఆరుగురు చేసే పనైతే ఆరుగుర్ని పంపండి. అక్క పోస్టు ఆపారో, ఆ పంతొమ్మిది మందీ మీ గది ముందుంటారు. శుక్రవారం మధ్యాహ్నంలోగా మాస్టారి కాగితం మీద సంతకం పెట్టండి. నోటీసుబోర్డులో అందరికీ కనబడేలా పెట్టండి. ఆపితే, సోమవారం నాలుగు వందల మందిమీ నిజం రాస్తాం. ఆ తర్వాత మీ ఆడిట్లు మీరే చేసుకోండి.