పెట్రనీలా మెరుగురాయి

డోరీన్ ఇంట్లో ముందుగది నిండా అమ్మమ్మే. పెట్రనీలా అనే ఆ అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయినా, ఆమె కుండ పట్టుకుని నిలబడ్డ ఫొటో అచ్చేసిన పాత పోస్టుకార్డులు, పోటీల్లో గెలిచిన నీలం రిబ్బన్లు, మట్టి మరకలు వదలని ఏప్రన్, ఆమె పేరు గీసిన పెంకుముక్కలు గోడల మీదా బీరువాలోనూ నిండిపోయాయి. దగ్గర్లోని ఎస్పన్యోలా ఊళ్లో పాత సామాన్ల సంత ఉందంటే చాలు, డోరీన్ పొద్దున్నే అక్కడ వాలిపోయేది. కుండలు చేసే ఇంట పుట్టినా తను మాత్రం మట్టి ముట్టలేదు. బడిలో వంట చేసేది.

పక్కింట్లో ఉండే పిన్ని లుగార్డా ఇప్పటికీ కుండలు చేస్తుంది. మా అమ్మ విసిరి పారేసినవన్నీ నువ్వు ఏరుకొచ్చావే అని ఎగతాళి చేసేది.

అన్నింటిలోకీ అపురూపమైంది ఒక రాయి. గోధుమ రంగులో, కోడిగుడ్డు కన్నా చిన్నగా ఉండేది. అమ్మమ్మ కుండలకు మెరుగుపెట్టిన రాయి. అది సాంతా ఫే నగరంలో, పాత వస్తువులు కొని దాచుకునే ఒక ముసలి పళ్లడాక్టరు దగ్గరుందని తెలిసి, ఆయన చుట్టూ తిరిగి, రొట్టెలు కాల్చిపెట్టి, చివరికి తన పోస్టుకార్డుల్లో మంచివన్నీ ఇచ్చి తెచ్చుకుంది. దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

సాంతా ఫేలో ఏటా కుండలు అమ్ముకునే ఆగస్టు సంత దగ్గరపడ్డ ఒక మధ్యాహ్నం, పిన్ని కేక విని డోరీన్ పరిగెత్తింది. పెద్ద కుండకు ఎర్రమట్టి పూత పూసి సగం మెరుగుపెట్టాక, పిన్ని చేతిలోని రాయి జారి గచ్చు మీద పడి రెండు ముక్కలైంది. పూత ఆరిందంటే ఇక మెరుపెక్కదు, పనంతా మళ్లీ మొదటికే.

"ఆ బీరువాలో రాయి పట్రావే," అంది పిన్ని.

"అది అమ్మమ్మది పిన్నీ. దానికేమన్నా అయితే?"

"మా అమ్మది కాబట్టే అడుగుతున్నా. పళ్లడాక్టరుదైతే అడుగుతానా?"

డోరీన్ కాసేపు తటపటాయించి, వెళ్లి తెచ్చింది. రాయి తగలగానే మట్టిపూత, తడిసిన గులకరాయిలా నిగనిగలాడింది. కాసేపటికి పిన్ని భుజం పట్టేసింది. రాయిని డోరీన్ చేతిలో పెట్టి, మధ్యలో ఆపితే చార పడుతుందని చెప్పింది. డోరీన్ ఊపిరి బిగబట్టి రుద్దింది. భయంతో ఒక్కచోట చెయ్యి ఆగనే ఆగింది.

కాల్చేటప్పుడు మంటను పేడతో కప్పేస్తే, ఆ పొగకు ఎర్రపూత నల్లబడి కుండ నల్లటి అద్దంలా బయటికొచ్చింది, ఆ ఒక్క చార తప్ప. దాన్ని బీరువాలో పెట్టుకుంటానని డోరీన్ బతిమాలింది. పిన్ని ససేమిరా అంది.

"దాచుకోడానికి కాదే కుండ చేసేది. అంత ముచ్చటగా ఉంటే ఇంకోటి చేసుకో."

సాంతా ఫే సంతలో ఒకావిడ ఆ చార మీద వేలు పెట్టి, ఇదేంటని అడిగింది.

"మా అక్క కూతురి చెయ్యి," అంది పిన్ని, ఏమాత్రం దాచకుండా.

ఆవిడకు అదే నచ్చింది. డోరీన్ కుండను తనే కాగితాల్లో చుట్టి అందించింది. బాధేస్తుందనుకుంది. వెయ్యలేదు. ఆవిడ జనంలో కలిసిపోయేదాకా చూస్తూ, తనలో తనే నవ్వుకుంది.

డోరీన్ ఆ ఏడు ఆకులు రాలే కాలమంతా పిన్ని వసారాలో మట్టి పిసుకుతూ, నీళ్లెక్కువ పోశావని తిట్లు తింటూ గడిపింది.